ఇంట్లో ఉప్పునీటి ఆక్వేరియం: మన ఎండలకు, మన కరెంటుకు తగ్గట్టు ఎలా పెట్టుకోవాలి

మెరైన్ ట్యాంకు గురించి అడిగేవాళ్ళ ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వైజాగ్ నుంచి సముద్రం నీళ్ళు క్యాన్లలో తెచ్చి పోస్తే సరిపోదా? నీమో చేపలు మన ఎండలకు బతుకుతాయా? పెట్టిన నెలకే అన్నీ ఎందుకు చచ్చిపోయాయి? వీటన్నిటికీ ఒకేచోట జవాబు ఉండాలని ఇది రాస్తున్నాను.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు చలి దేశాలవాళ్ళు రాసినవి. వాళ్ళకు నీళ్ళు వెచ్చగా ఉంచడం సమస్య. మనకు చల్లగా ఉంచడం సమస్య. మన ఎండకు నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు పెరుగుతుంది, కరెంటు పోతే గాలి ఆడదు. ఈ మూడింటికీ ముందే ఏర్పాటు చేసుకున్న ఇంట్లో మెరైన్ ట్యాంకు ఏళ్ళ తరబడి నడుస్తుంది. చేసుకోకపోతే ఎంత ఖరీదైన ఫిల్టరు పెట్టినా మే నెల దాటడం కష్టం.

ఇక్కడ చెప్పేది చేపలు మాత్రమే ఉండే ట్యాంకు గురించి. పగడాల జోలికి పోవద్దు. సముద్రంలో రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే పగడాలు, సీ ఫ్యాన్‌లు, సముద్ర గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. రీఫ్ నుంచి కొట్టి తెచ్చిన "లైవ్ రాక్" కూడా కొనకండి. అమ్మేవాడు ఎంత ధీమాగా చెప్పినా సరే. చట్టం సంగతి అలా ఉంచినా, మన డ్రాయింగ్ రూమ్ కోసం ఒక రీఫ్ ముక్క విరగ్గొట్టడం నాకు అసలు ఒప్పుకోలేని పని. అదే పనిచేసే సిరామిక్ రాళ్ళు దొరుకుతున్నాయి.

కావలసినవి

- ట్యాంకు: 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, 10 ఎంఎం గాజు. అంచుదాకా నింపితే 190 లీటర్లు పడుతుంది. రాళ్ళు, పైన వదిలే ఖాళీ పోగా నీళ్ళు 150 లీటర్లు ఉంటాయి. "ముందు చిన్నది పెట్టి నేర్చుకుంటాను" అని ఒక అడుగు ట్యాంకు కొనకండి. నీళ్ళు ఎంత తక్కువైతే వేడి, ఉప్పు, అమ్మోనియా అంత త్వరగా మారతాయి. నేర్చుకునేవాళ్ళకు పెద్ద ట్యాంకే సులువు.
- 250 నుంచి 300 కిలోలు మోసే ఇనుప స్టాండు, పైన సమంగా ఉండే ప్లైవుడ్, దాని మీద ఒక థర్మోకోల్ షీటు.
- ఆర్వో ఫిల్టరు, దాని చివర మిగిలిన లవణాలను లాగేసే డీఐ రెజిన్ కార్ట్రిడ్జి, నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే ఒక టీడీఎస్ మీటరు.
- మెరైన్ సాల్ట్ 10 కిలోలు. కల్లుప్పు, అయోడిన్ ఉప్పు, రొయ్యల చెరువుల్లో వేసే మినరల్ మిక్స్ ఏవీ దీనికి బదులు కావు.
- నీళ్ళలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు, దాన్ని సరిచూసుకోవడానికి 35 పీపీటీ (వెయ్యి భాగాలకు 35 భాగాల ఉప్పు) కాలిబ్రేషన్ ద్రావణం.
- ఎండు సిరామిక్ రాళ్ళు 15 కిలోలు, అరగొనైట్ (సున్నపు) ఇసుక 15 కిలోలు.
- వెనక తగిలించే హ్యాంగ్-ఆన్ ఫిల్టరు, నురగతో మురికిని బయటికి లాగే ప్రోటీన్ స్కిమ్మరు, గంటకు 2,000 నుంచి 3,000 లీటర్లు తోసే వేవ్‌మేకరు.
- 150 వాట్ల హీటరు, డిజిటల్ థర్మామీటరు, క్లిప్ ఫ్యాన్లు లేదా నీళ్ళు చల్లబరిచే చిల్లరు.
- అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్, ఆల్కలినిటీ టెస్ట్ కిట్లు. సీసా చుక్కలవి తీసుకోండి, కాగితం స్ట్రిప్‌లు వద్దు.
- 50 లీటర్ల ఫుడ్ గ్రేడ్ డ్రమ్ములు రెండు. వీటిలో ఇంకేదీ, ముఖ్యంగా సర్ఫు, ఎప్పుడూ పడకూడదు.
- బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు.
- కొత్త చేపలను మొదటి కొన్ని వారాలు విడిగా ఉంచడానికి 40, 50 లీటర్ల వేరే చిన్న ట్యాంకు. చాలామంది కొనకుండా వదిలేసేది ఇదే. తర్వాత ఏడిపించేది కూడా ఇదే.

భీమవరం, నెల్లూరు వైపు ఉన్నవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. రొయ్యల రైతులకు అమ్మే ఆక్వా షాపుల్లో రిఫ్రాక్టోమీటర్లు, టెస్ట్ కిట్లు, ఎయిర్ పంపులు దొరుకుతాయి. అక్కడి ఆక్వా ల్యాబులు నీళ్ళ సెలినిటీ, ఆల్కలినిటీ, అమ్మోనియా రోజూ చూసేవే. మీ కిట్ మీద అనుమానం వస్తే ఒక బాటిల్ నీళ్ళు పట్టుకెళ్ళి పోల్చుకోండి.

1. చోటు చూసుకోండి

ట్యాంకు, నీళ్ళు, రాళ్ళు, స్టాండు అన్నీ కలిపి బరువు రెండున్నర క్వింటాళ్ళు దాటుతుంది. అపార్ట్‌మెంటులో అయితే గది మధ్యలో కాకుండా, కింద బీమ్ ఉన్న గోడ వెంట పెట్టండి. నేరుగా ఎండ పడే కిటికీ పక్కన వద్దు. పడమటి గోడ కూడా వద్దు, సాయంత్రానికి అది సెగలు కక్కుతుంది. వంటింటికి దూరంగా ఉంటే మంచిది, పోపు పొగ నీళ్ళ మీద జిడ్డు పొరలా పేరుకుంటుంది.

ముందుగా మామూలు నీళ్ళు నింపి ఒక రోజంతా ఉంచండి. అతుకుల వెంట పొడి టిష్యూ కాగితం అద్ది చూడండి. నాలుగు మూలల్లో నీళ్ళ మట్టం స్కేలుతో కొలవండి. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే నీళ్ళు తీసేసి, స్టాండు కాళ్ళ కింద సరిచేసి మళ్ళీ నింపండి. ట్యాంకు కిందే చెక్క ముక్కలు దూర్చకండి, గాజు ఆ ఒక్కచోట ఒత్తిడికి పగులుతుంది.

ప్లగ్ బోర్డు ట్యాంకుకు పక్కన, నీటి మట్టం కన్నా పైన ఉండాలి. ప్రతి వైరూ ప్లగ్‌కు వెళ్ళే ముందు ఒకసారి కిందికి వంగి పైకి రావాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క కిందే రాలిపోతుంది, ప్లగ్‌లోకి చేరదు. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) తప్పకుండా పెట్టించండి. ఉప్పునీళ్ళకు కరెంటు బాగా పాకుతుంది, ఇక్కడ పొదుపు వద్దు. నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు హీటరు, పంపులు ఆఫ్ చేయడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి.

2. నీళ్ళు సిద్ధం చేసుకోండి

బోరు నీళ్ళు పనికిరావు. మునిసిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. తాగే ఆర్వో నీళ్ళు కూడా నేరుగా పనికిరావు. రుచి కోసం చాలా మెషిన్లలో టీడీఎస్ కంట్రోలరు, మినరల్ కార్ట్రిడ్జి పెడతారు. అందుకే గ్లాసులో పట్టి మీటరు పెడితే 50 నుంచి 150 దాకా చూపిస్తుంది. మనకు కావలసింది 5 లోపు. ఆర్వో మెంబ్రేన్ తర్వాత, ఆ కంట్రోలరుకు ముందు టీ జాయింట్ వేసి, అక్కడినుంచి డీఐ కార్ట్రిడ్జికి పైపు ఇప్పించుకోండి. సర్వీసుకొచ్చే అబ్బాయికి ఇది పెద్ద పని కాదు. డీఐ తర్వాత మీటరు 5 దాటడం మొదలైతే రెజిన్ మార్చాలి. ఇక్కడినుంచి ఆర్వో నీళ్ళు అంటే ఈ డీఐ దాటిన నీళ్ళే.

ఇది దొరకనివాళ్ళు బ్యాటరీల షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడవచ్చా అని అడుగుతారు. మీటరు పెట్టి చూసి, 5 లోపు ఉండి, యాసిడ్ నింపిన క్యాను కాదని నమ్మకం ఉంటేనే. పాత క్యాన్లు కడిగి నింపేచోట మాత్రం కొనకండి.

సముద్రం నీళ్ళ సంగతి. ఒడ్డున దొరికే నీళ్ళలో మురుగు, డీజిల్, నాచు గింజలు, పరాన్నజీవులు ఉంటాయి. పైగా బంగాళాఖాతంలో గోదావరి, కృష్ణ, మహానది వరదలు కలిశాక ఒడ్డు నీటిలో ఉప్పు బాగా పడిపోతుంది. మే నెలలో తెచ్చిన నీళ్ళు, అక్టోబరులో తెచ్చిన నీళ్ళు ఒకటి కావు. మన తీరంలో రొయ్యల హేచరీలు సముద్రం నీళ్ళే వాడతాయి, కానీ వడగట్టి, క్లోరిన్‌తో శుద్ధి చేసి, ఆ క్లోరిన్ పోయాకే వాడతాయి. తెలిసిన హేచరీ నుంచి అలా శుద్ధి చేసిన నీళ్ళు దొరికితే, ఉప్పు కొలిచి సరిచేసుకుని వాడండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఉప్పు కలుపుకోవడమే తేలిక.

బీచ్ ఇసుక కూడా తేవద్దు. వైజాగ్, భీమిలి ఇసుకలో నల్లగా మెరిసే రేణువులు ఇల్మనైట్ లాంటి ఇనుము ఉన్న ఖనిజాలు. అయస్కాంతం పెడితే కొన్ని అంటుకుని వస్తాయి కూడా. అవి వేవ్‌మేకరు లోపలి అయస్కాంతానికి చేరి దాన్ని అరగదీస్తాయి.

3. ఉప్పు కలపండి

డ్రమ్ములో ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు. ఉప్పు మీద నీళ్ళు పోస్తే అడుగున కాల్షియం గడ్డకట్టి తెల్లటి పొడిగా దిగిపోతుంది, అది మళ్ళీ కరగదు. 50 లీటర్ల నీళ్ళలో చిన్న పంపు తిరుగుతుండగా 1.8 కిలోల ఉప్పు కొద్దికొద్దిగా చల్లండి. ఒక రోజు తిరగనిచ్చి అప్పుడు కొలవండి. లక్ష్యం 35 పీపీటీ, సాంద్రత లెక్కలో 1.026. తక్కువ ఉంటే 50, 60 గ్రాములు వేస్తే ఒక పీపీటీ పెరుగుతుంది. ఎక్కువైతే ఉప్పు కలపని ఆర్వో నీళ్ళు పోయండి.

మొదటిసారి చేపలు ఉండవు కాబట్టి ట్యాంకులోనే కలుపుకోవచ్చు. చేపలు వచ్చాక మాత్రం ఉప్పును నేరుగా ట్యాంకులో వేయకండి.

రిఫ్రాక్టోమీటరును చాలామంది ఆర్వో నీళ్ళతో సున్నాకు సెట్ చేసి ఊరుకుంటారు. సున్నా దగ్గర కరెక్టుగా ఉండి 35 దగ్గర రెండు మూడు పాయింట్లు తప్పు చూపించే మీటర్లు చాలా ఉన్నాయి. 35 పీపీటీ ద్రావణం రెండు చుక్కలు వేసి, గాజు మూత మూసి, గాలి బుడగ లేకుండా చూసి, అర నిమిషం ఆగి, స్క్రూ తిప్పి సరిచేయండి. నెలకోసారి ఈ పని చేయాలి.

4. రాళ్ళు, ఇసుక, పంపులు

రాళ్ళను ఇసుక మీద కాదు, అడుగు గాజు మీదే పలచటి ప్లాస్టిక్ గ్రిడ్ వేసి నిలబెట్టండి. ఇసుకలో తవ్వే చేప ఉంటే పునాది కదిలి రాయి గాజు మీద పడుతుంది. రాయికి, వెనక గాజుకు మధ్య అరచెయ్యి దూరేంత సందు ఉండాలి, లేకపోతే అక్కడ మురికి చేరి తీయలేరు. ఇసుక ఒక అంగుళం చాలు. బకెట్లో నీళ్ళు తేరేదాకా కడిగి వేయండి. కడిగినా రెండు రోజులు నీళ్ళు పాలలా ఉంటాయి, కంగారు పడకండి.

వేవ్‌మేకరును నీటి మట్టానికి కొంచెం కింద, ఎదుటి గాజు వైపు చూసేలా పెట్టండి. పైన నీళ్ళు అలలుగా కదలాలి. ప్రాణవాయువు నీళ్ళలోకి చేరేది అక్కడే.

5. ఎండకు, కరెంటు కోతకు ఏర్పాటు

చేపలు కొనే ముందే ఇది పూర్తి కావాలి.

నీళ్ళు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది, అదే సమయంలో చేపకు అది ఎక్కువ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 3 గంటలకు థర్మామీటరు పెట్టి చూడండి. గది 31 లోపు ఉంటే ఫ్యాను సరిపోవచ్చు. 34 దాటితే చిల్లరు కొనక తప్పదు.

క్లిప్ ఫ్యాను నీటి మీద అడ్డంగా గాలి వీచి, నీళ్ళు ఆవిరి చేసి చల్లబరుస్తుంది. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి ఎండల్లో రెండు మూడు డిగ్రీలు దించుతుంది. వైజాగ్, కాకినాడ, విజయవాడల్లో ఉక్కపోత ఎక్కువ, గాలిలో తేమ ఉంటే ఆవిరి తక్కువ, ఫ్యాను అంతగా పనిచేయదు. కోస్తాలో ఉన్నవాళ్ళు చిల్లరుకు డబ్బు పక్కన పెట్టుకునే మొదలుపెట్టండి. 150 లీటర్లకు 1/10 హెచ్‌పీ చాలంటారు. గది 36 దాటే ఊళ్ళలో దాని పై సైజు తీసుకోండి. చిల్లరు వేడి గాలి అదే గదిలోకి వదులుతుంది, కాబట్టి క్యాబినెట్‌లో మూసిపెట్టకండి.

ఫ్యాను వాడితే ఆవిరి లెక్క తప్పనిసరి. ఉప్పు ఆవిరి కాదు, నీళ్ళే పోతాయి. 150 లీటర్ల ట్యాంకులో రోజుకు 3 లీటర్లు పోయి, మీరు అయిదు రోజులు చూడలేదనుకోండి. 135 లీటర్లలో అదే ఉప్పు మిగులుతుంది, 35 ఉన్నది 39 దగ్గరికి చేరుతుంది. చేపకు వారంలో ఇంత మార్పు తట్టుకోవడం కష్టం. ట్యాంకు పక్క గాజు మీద మార్కరుతో నీటి గీత గీయండి. రోజూ ఆ గీత దాకా ఉప్పులేని ఆర్వో నీళ్ళు పోయండి. తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళు పోయడమే కొత్తవాళ్ళు అందరికన్నా ఎక్కువగా చేసే తప్పు. వీలైతే ఆటో టాప్-అప్ (తగ్గిన నీళ్ళు తనంతట తనే పోసే పరికరం) పెట్టుకోండి, దాని డబ్బాలో అయిదారు రోజులకు మించి నీళ్ళు ఉంచకండి. ఫ్లోట్ ఇరుక్కుంటే మొత్తం ఒకేసారి ట్యాంకులోకి వచ్చేస్తుంది.

ఉన్నట్టుండి వేడెక్కితే ఐసు గడ్డలు నేరుగా వేయకండి. ఆర్వో నీళ్ళు గడ్డకట్టిన బాటిళ్ళు మూతతో సహా తేలనివ్వండి. గంటకు ఒక డిగ్రీ కన్నా వేగంగా దించవద్దు.

చలికాలం హైదరాబాద్ రాత్రుల్లో హీటరు కావాలి. 25 దగ్గర పెట్టండి. హీటరు మీద అంకెను నమ్మకుండా వేరే థర్మామీటరుతో చూసుకోండి. నీటి గీత దాని కిందికి దిగితే గాజు పేలుతుంది.

కరెంటు సంగతికి వస్తే, ఇన్వర్టరు లైనుకు వేవ్‌మేకరు ఒక్కటి ఇవ్వండి. చిల్లరు, హీటరు ఇవ్వకండి. బ్యాటరీ త్వరగా అయిపోతుంది. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద కొన్ని పంపులు గుర్రుమని వేడెక్కుతాయి, ముందే ఒకసారి నడిపి చూడండి. బ్యాటరీ ఎయిర్ పంపు ఎప్పుడూ చేతికందేచోట ఉండాలి. కోత మూడు నాలుగు గంటలు దాటితే, హ్యాంగ్-ఆన్ ఫిల్టరులో నిలిచిన నీళ్ళు పారబోసి, స్పాంజిని ట్యాంకు నీళ్ళతో కడిగి అప్పుడు ఆన్ చేయండి. లేకపోతే ఆ కుళ్ళిన నీళ్ళు చేపల మీదకే వస్తాయి.

6. సైక్లింగ్: చేపలు లేని ఆరు వారాలు

చేప విసర్జన, మిగిలిన మేత అమ్మోనియాగా మారతాయి. దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ళలో స్థిరపడాలి. ఉప్పునీళ్ళ పీహెచ్ 8 పైన ఉంటుంది కాబట్టి ఇక్కడ అమ్మోనియా మంచినీటి ట్యాంకులో కన్నా ఎక్కువ విషం. మంచినీటి చేపల్లో "ఏం కాలేదే" అనుకున్న అనుభవం ఇక్కడ పనికిరాదు.

ల్యాబ్ గ్రేడ్ అమ్మోనియం క్లోరైడ్ ఒక గ్రాము తూచి, ఒక గ్లాసు నీళ్ళలో కరిగించి పోయండి. 150 లీటర్లలో అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దగ్గరికి వస్తుంది. సీసాలో అమ్మే మెరైన్ బ్యాక్టీరియా వేస్తే కొంచెం త్వరగా అవుతుంది. లైట్ ఆపేయండి, పంపులన్నీ నడవనివ్వండి.

అమ్మోనియం క్లోరైడ్ దొరకకపోతే ఒక పచ్చి రొయ్యను పలచటి గుడ్డలో కట్టి వేలాడదీయండి. అమ్మోనియా 2 కి రాగానే తీసేయండి. వాసన వస్తుంది, ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పుకోండి. అంతేగానీ ఒక డామ్సెల్ చేపను వదిలి "అది బతికితే ట్యాంకు రెడీ" అనే పద్ధతి ఎవరు చెప్పినా వినకండి. ఆ చేప మొప్పలు కాలుతుంటే మనం రోజులు లెక్కపెట్టడం న్యాయం కాదు.

రెండు రోజులకోసారి టెస్ట్ చేసి నోట్‌బుక్‌లో రాయండి. అమ్మోనియా మెల్లగా దిగుతుంది, నైట్రైట్ ముదురు రంగుకు పెరుగుతుంది, తర్వాత అదీ పడిపోతుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

అయిందని తేల్చుకునేది ఇలా. ఒక సాయంత్రం మళ్ళీ ఒక గ్రాము వేయండి. మర్నాడు అదే సమయానికి అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా రావాలి. రెండింటిలో ఏది కొంచెం కనిపించినా ఇంకో వారం ఆగండి. అయ్యాక నైట్రేట్ 40 దాటి ఉంటే సగం నీళ్ళు మార్చండి.

టెస్ట్‌లో పొరపాట్లు జరిగేది ఇక్కడే. నైట్రేట్ కిట్‌లో ఒక సీసా అడుగున పొడి గడ్డకడుతుంది, దాన్ని బల్ల మీద తట్టి అర నిమిషం గట్టిగా ఊపకపోతే రీడింగ్ ఎప్పుడూ తక్కువే వస్తుంది. నైట్రైట్ ఉన్నంతకాలం నైట్రేట్ రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు దాన్ని నమ్మకండి. రంగును ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. ఉప్పునీళ్ళకు చార్టు వేరే ఉంటుంది, మంచినీటి చార్టుతో పోల్చకండి.

ఈ వారాల్లో ఇసుక మీద గోధుమరంగు పొర వస్తుంది. అది డయాటమ్ అనే ఒక రకం నాచు. మందులు వద్దు, దానంతటదే పోతుంది. రెండు నెలలు దాటినా పోకపోతే మీ నీళ్ళ టీడీఎస్ చూడండి, డీఐ రెజిన్ అయిపోయి ఉంటుంది.

7. చేపలు ఎంచుకోండి

150 లీటర్లలో చిన్న చేపలు అయిదింటికి మించి వద్దు. క్లౌన్ చేపల (నీమో చేపలంటే ఇవే) జంటతో మొదలుపెట్టండి. హేచరీలో పుట్టినవే అడగండి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు క్లౌన్ చేపలను, కొన్ని డామ్సెల్ రకాలను హేచరీలో పుట్టించే పద్ధతులు తయారుచేశారు. సముద్రంలో పట్టి తెచ్చినవాటికన్నా ఇవి త్వరగా మేతకు అలవాటు పడతాయి, జబ్బులు తక్కువ. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. క్లౌన్ చేపలన్నీ మగవిగానే పుడతాయి, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. రెండూ ఒకే సైజువైతే పెత్తనం కోసం కొట్టుకుంటాయి. వాటికి ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) అక్కర్లేదు. ఎనిమోన్‌కు బలమైన లైటు, పాతబడ్డ ట్యాంకు కావాలి, కొత్తదాంట్లో కరిగి చచ్చి మిగతా అన్నిటినీ చంపుతుంది.

తర్వాత ఒక ఫైర్‌ఫిష్, ఒక చిన్న గోబీ, ఒక రాయల్ గ్రామా లాంటివి నెలకొకటి చొప్పున. ఫైర్‌ఫిష్ ఎగురుతుంది, పైన సన్న జాలీ మూత ఉండాలి. డామ్సెల్‌లు చవక, అందం, కానీ ముందు వేస్తే తర్వాత వచ్చినవాటిని బతకనివ్వవు. నీలం రంగు ట్యాంగ్, మాండరిన్, మూరిష్ ఐడల్ మీద ఆశపడకండి. మొదటిదానికి ఈతకు చోటు చాలదు. మిగతా రెండూ ఇలాంటి ట్యాంకులో ఆకలితో చస్తాయి.

షాపులో చేపకు మేత వేయించి చూడండి. తినని చేపను కొనకండి. రెక్కలు దగ్గరికి ముడుచుకున్నది, పొట్ట లోపలికి పోయినది, పైకొచ్చి గబగబా ఊపిరి తీసుకునేది వద్దు. అదే ట్యాంకులో పక్క చేపకు చుక్కలుంటే ఆ ట్యాంకులో ఏదీ వద్దు.

8. ఇంటికి తెచ్చి వదలడం

లైట్లు ఆపి, కవరు మూసే ఉంచి 20 నిమిషాలు చిన్న ట్యాంకు నీళ్ళలో తేలనివ్వండి. తర్వాత విప్పి మొదట చేయాల్సింది కవరు నీళ్ళ ఉప్పు కొలవడం. చాలా షాపుల్లో ఉప్పు తగ్గించి, 1.020 దగ్గర ఉంచుతారు. ఎయిర్ ట్యూబుకు ముడివేసి సెకనుకు రెండు మూడు చుక్కలు పడేలా చిన్న ట్యాంకు నీళ్ళు కవరులోకి వదలండి. ముప్పావుగంటలో సరిపోవాలి. షాపు దగ్గరదైతే గంట అయినా ఫర్వాలేదు. కానీ చేప రోజంతా పార్సెల్‌లో ప్రయాణం చేసి వస్తే ఇలా సాగదీయకండి. కవరు విప్పగానే లోపలి కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అందులోని అమ్మోనియా విషంగా మారుతుంది. అలాంటప్పుడు చిన్న ట్యాంకు ఉప్పునే ముందుగా కవరుకు సమానంగా చేసుకుని, వేడి కలవగానే చేపను మార్చి, ఉప్పును నాలుగైదు రోజుల్లో మెల్లగా పెంచండి.

కవరు నీళ్ళు మీ ట్యాంకులో ఒక్క చుక్క పోయకండి.

చిన్న ట్యాంకులో నాలుగు వారాలు ఉంచాలి. ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అది మెరైన్ ఇక్ అనే పరాన్నజీవి జబ్బు. ఇంకా సన్నగా పొడిలా కనిపించి, చేప మేత మానేసి రొప్పుతుంటే వెల్వెట్. అది రెండు మూడు రోజుల్లో చంపుతుంది, చీకట్లో పక్కనుంచి టార్చి వేస్తే బాగా కనిపిస్తుంది. రాగి మందు ఈ చిన్న ట్యాంకులోనే వాడాలి, రాగి టెస్ట్ కిట్‌తో కొలుస్తూ. పెద్ద ట్యాంకులో వేస్తే రాళ్ళకు పట్టేసి, నత్తలను, రొయ్యలను చంపేస్తుంది. జబ్బు పెద్ద ట్యాంకులోకి చేరిపోతే చేపలన్నిటినీ బయటికి తీసి, దాన్ని ఆరు నుంచి పది వారాలు చేపలు లేకుండా నడపడమే దారి. పైకి చుక్కలు పోయాయని తగ్గినట్టు కాదు, ఇక్ ఇసుకలో గట్టి పెంకు కట్టుకున్న దశలో (సిస్ట్) ఉండి మళ్ళీ వస్తుంది.

9. రోజువారీ పని

పొద్దున ముందుగా చేపలను లెక్కపెట్టండి. కనిపించనిది రాళ్ళ వెనక చచ్చి ఉంటే ఒక్క రోజులో అమ్మోనియా లేస్తుంది. తర్వాత థర్మామీటరు, నీటి గీత. మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేంత. మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవి) లాంటి ఫ్రోజెన్ మేతను ఆర్వో నీళ్ళలో కరిగించి, వడగట్టి, ఆ నీళ్ళు పారబోసి వేయండి. వారానికోసారి పచ్చి రొయ్య సన్నగా తరిగి ఇవ్వవచ్చు, ఉప్పు, పసుపు తగలనిది.

వారానికి ఒకసారి 15 లీటర్లు మార్చండి. ముందురోజు కలిపి తిప్పి ఉంచిన నీళ్ళు, ఉప్పు, వేడి రెండూ ట్యాంకుతో సరిపోవాలి. ఫిల్టరు స్పాంజిని ఆ తీసిన నీళ్ళలోనే పిండండి. కుళాయి కింద కడిగితే బ్యాక్టీరియా పోతుంది. స్కిమ్మరు కప్పు రెండు మూడు రోజులకోసారి. కప్పులో టీ రంగు చిక్కటి నురగ చేరుతుంటే బాగా పనిచేస్తున్నట్టు, నీళ్ళలాంటిది వస్తుంటే స్కిమ్మరులో నీటి మట్టం దించండి.

నోట్‌బుక్‌లో ఉండాల్సిన అంకెలు: ఉప్పు 34 నుంచి 35, వేడి 25 నుంచి 27, పీహెచ్ 8.0 నుంచి 8.4, ఆల్కలినిటీ 8 నుంచి 10 డీకేహెచ్ (దాని కొలమానం), అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 30 లోపు. పీహెచ్ తెల్లవారుజామున తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఎప్పుడూ ఒకే సమయానికి కొలవండి, ఆ చిన్న తేడాను చూసి పీహెచ్ పెంచే మందులు పోయకండి.

మన ఇళ్ళలో తరచూ జరిగేవి

దోమల కాయిల్స్, లిక్విడ్ మందులు, హిట్ లాంటి స్ప్రేలు ట్యాంకు ఉన్న గదిలో వద్దు. వాటిలోని పైరెత్రాయిడ్ మందులు చేపలకు, రొయ్యలకు చాలా ప్రమాదం. ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్ళలోకి పంపుతుంది. కిటికీకి దోమతెర కొట్టించండి. పెస్ట్ కంట్రోల్, పండక్కి రంగులు వేయించడం ఉంటే ట్యాంకును తడిగుడ్డలతో కప్పి, ఎయిర్ పంపును వేరే గదిలో పెట్టి పొడవాటి ట్యూబు వేయండి. ఫినాయిల్ చేత్తో నీళ్ళు ముట్టవద్దు.

నీళ్ళు మసకబారగానే ఏదో ఒక మందు పోయడం ఇంకో తప్పు. ముందు అమ్మోనియా, ఉప్పు, వేడి కొలవండి. ఏదైనా తేడా ఉంటే దాన్ని సరిచేయండి. మూడూ బాగుండి చేప తింటుంటే రెండు రోజులు చెయ్యి పెట్టకుండా ఊరుకోండి.

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు మేత గురించి టెన్షన్ పడకండి. బాగా తినే పెద్ద చేపలు నాలుగైదు రోజులు మేత లేకపోయినా ఉంటాయి. ప్రమాదం పక్కింటివాళ్ళు జాలిపడి డబ్బాలో సగం వేసేయడం. ఏ రోజు మేత ఆ రోజుకు విడిగా, మాత్రల డబ్బాలో కొలిచి ఇచ్చి, మిగతాది బీరువాలో దాచేయండి. వాళ్ళతో చేయించాల్సిన అసలు పని నీళ్ళు గీత దాకా పోయడం. ఆర్వో నీళ్ళు బాటిళ్ళలో నింపి, ఒక్కోదాని మీద తేదీ రాసి, ట్యాంకు పక్కనే వరుసగా పెట్టి వెళ్ళండి. ఉప్పు కలిపిన డ్రమ్ము మాత్రం వాళ్ళ కంటికి కనపడని చోట ఉంచండి.